రెండో అంతస్తు

కృష్ణా డెల్టా చివరి కొసన పుట్టినవాళ్లకి ఎత్తు గురించిన చదువు ట్రాక్టరు ట్రక్కుతో మొదలవుతుంది. మా వైపు ఇల్లు కట్టదలచినవాడు ముందు మేస్త్రిని పిలవడు, మట్టి తోలేవాణ్ణి పిలుస్తాడు. ఎన్ని ట్రక్కులు పడుతుంది, పక్కింటి అరుగు ఎంత ఎత్తులో ఉంది, ముందున్న సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తే మన గుమ్మం ఎంత పల్లంలో పడుతుంది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఈ లెక్కలన్నీ తేలాకే శంకుస్థాపన. రెండడుగులు మెరక చేసుకున్నవాడు జాగ్రత్తపరుడు. నాలుగడుగులు చేసుకున్నవాడికి పక్కింటివాడితో తగాదా ఖాయం, ఎందుకంటే వీడి వాకిట్లో నిలవాల్సిన నీళ్లు ఇక వాడి పెరట్లో నిలుస్తాయి. పల్లపు సీమలో ఒకరి మెరక ఇంకొకరి పల్లం. చిన్నప్పటినుంచీ ఇదే చూసి పెరిగినవాణ్ణి కనక, ఎంత ఎత్తు కట్టడాన్ని చూసినా నాకు మొదట పుట్టే ప్రశ్న ఒకటే. దీనికి మట్టి ఎక్కణ్ణుంచి తోలారు?

మద్రాసు మౌంట్ రోడ్డు మీద ఎల్ఐసీ భవనం ముందు నిలబడినప్పుడు కూడా అదే అడిగాను, మనసులో.

ఆ భవనం గురించి మా ఊళ్లలో ఒక తరం చెప్పుకున్నంతగా తాజ్‌మహల్ గురించి కూడా చెప్పుకుని ఉండరు. గుడివాడ, బందరు, దివి తాలూకాల నుంచి మద్రాసు వెళ్లడానికి కారణాలకేం కొదవ లేదు. పెద్దాసుపత్రి, చదువు, వ్యాపారం, అన్నిటికీ మించి సినిమా. నిమ్మకూరు నుంచి ఎన్.టి. రామారావు, రామాపురం నుంచి అక్కినేని, చౌటపల్లి నుంచి ఘంటసాల అటే వెళ్లారు. వాళ్లని ఒక్కసారి చూసి రావడానికి వెళ్లినవాళ్లకి లెక్కే లేదు. సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగి ఊరు చేరినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి అడిగేవాళ్లు, "పద్నాలుగంతస్తుల మేడ చూశావా?" అని. చూశానంటే ఇక ఆ సాయంత్రమంతా అతనిదే. తలెత్తి చూస్తుంటే కండువా జారిపడిందని ఒకడు, అంతస్తులు లెక్కపెడుతుంటే మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టానని ఇంకొకడు. సినిమావాళ్లు కూడా ఈ పిచ్చికి తమ వంతు సాయం చేశారు. పల్లెటూరి హీరో మద్రాసు చేరాడని చెప్పాలంటే ఒక షాటులో సెంట్రల్ స్టేషను, తర్వాతి షాటులో ఎల్ఐసీ. అంతటితో పట్నం వచ్చేసినట్టే.

దాని పుట్టుకలోనే మనకి సంబంధించిన తిరకాసు ఒకటుంది. ప్లాను గీసింది 1953లో. ఆ ఏడాదే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు చేజారింది. మద్రాసు మనదేనని కొట్లాడిన తెలుగువాళ్లు మూటాముల్లె సర్దుకుని కర్నూలు దారి పట్టాక, మద్రాసులో లేచిన మొదటి పెద్ద మేడ ఇది. అయినా మనవాళ్లు దాన్ని పరాయిగా చూడలేదు. చేజారిన ఊరి మీద కోపం ఆ మేడ మీదికి పాకలేదు. ఇది మన మంచితనమో, ఎత్తు మీద మోజో చెప్పలేను. రెండోదేనని నా అనుమానం.

లండన్ ఆర్కిటెక్టులు బ్రౌన్, మౌలిన్ దీన్ని రూపొందించారు. మౌలిన్ మధ్యలో తప్పుకుంటే మద్రాసు ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితలే పూర్తిచేశారు. కట్టించ తలపెట్టింది యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ అధినేత, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు స్థాపకుడు ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్. 1959 ఆగస్టు 23న ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి ప్రారంభించేనాటికి దేశంలో అంతకన్నా ఎత్తయిన భవనం లేదు. 177 అడుగులు. న్యూయార్కులో అంతకుముందే పూర్తయిన ఐక్యరాజ్యసమితి సచివాలయం దీనికి పెద్దన్న. అదే పలక లాంటి ఆకారం, వెడల్పాటి ముఖం నిండా కిటికీల వరసలు. అంతవరకూ మద్రాసులో గొప్ప భవనమంటే హైకోర్టులా, సెంట్రల్ స్టేషనులా ఎర్ర ఇటుకా, గుమ్మటాలూ, బురుజులూ. ఈ మేడకి అవేవీ లేవు. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, రాజులు పోయారు, ఇక నగిషీలెందుకు, పని చూద్దాం అన్నట్టు నిలబడింది. సున్నమూ ఇటుకా నమ్ముకున్న ఊరికి కాంక్రీటు స్తంభాల మీద నమ్మకం కుదిర్చింది ఇదే.

ఇప్పుడు వెళితే భూగర్భంలో మెట్రో దిగుతాం. ఆ స్టేషను పేరే ఎల్ఐసీ. మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చి చూస్తే, నిజం చెప్పాలంటే, మేడ పొట్టిగా కనిపిస్తుంది. విజయవాడ చుట్టుపక్కల లేస్తున్న అపార్టుమెంట్లు దీన్ని ఎప్పుడో దాటేశాయి. మౌంట్ రోడ్డు మీద నడిచే వాళ్లలో ఒక్కరూ తలెత్తడం లేదు. బస్సు కోసం చూసేవాళ్లు బస్సు కోసం, ఫోను చూసేవాళ్లు ఫోనులోకి. నేనొక్కణ్ణే మా పెద్దవాళ్ల తరఫున మొక్కు తీర్చుకుంటున్నట్టు కింది నుంచి పైకి అంతస్తులు లెక్కపెట్టుకుంటూ పోయాను. లెక్క తప్పలేదు. తప్పితే బాగుండేదనిపించింది.

పైకి వెళ్లలేదు. అది ఆఫీసు, పని ఉన్నవాళ్లు వెళ్లాలి. గేటు దగ్గర నీడలో ఒక పెద్దాయన, పక్కన బహుశా కోడలు, పాలిథీన్ కవరులోంచి కాగితాలు తీసి ఒక్కొక్కటే ఒడిలో పరుస్తున్నారు. మడతలు పడిన బాండు, ఆధారు జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ. వాళ్ల మాట తమిళం, నాకు సగమే తెలిసింది. కానీ ఆ కాగితాలు తీసే తీరు పూర్తిగా తెలిసిందే. బందరు కోనేరు సెంటర్లోనూ, గుడివాడ బస్టాండు దగ్గర జిరాక్సు షాపులోనూ, అవనిగడ్డ మీసేవలోనూ అవే కవర్లు, అలాగే ఒక్కొక్క కాగితం తీసి మళ్లీ అదే వరసలో పెట్టడం. నా ప్రశ్నకి జవాబు ఆ ఒడిలో ఉంది. ఈ మేడకి మట్టి అక్కణ్ణుంచి తోలారు.

ప్రపంచంలో ఆకాశహర్మ్యాల చరిత్ర తిరగేస్తే బీమా కంపెనీలు అడుగడుగునా తగులుతాయి. మొట్టమొదటి ఆకాశహర్మ్యమని చాలామంది చెప్పేది 1885లో షికాగోలో లేచిన హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని. అప్పటికది పది అంతస్తులే. 1871లో ఊళ్లో పెద్ద భాగం తగలబడిపోయిన షికాగోలో, ఇనుప చట్రం మీద, బీమా కంపెనీ కట్టించింది. 1909లో న్యూయార్కులో మెట్రోపాలిటన్ లైఫ్ వాళ్ల గోపురం లేచి, నాలుగేళ్లపాటు లోకంలోకెల్లా ఎత్తయినదిగా నిలిచింది. దీనికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. బట్టల కొట్టువాడు బట్ట చూపిస్తాడు, బియ్యం కొట్టువాడు బియ్యం చూపిస్తాడు. బీమావాడు చూపించడానికి ఏముంది? ఇరవయ్యేళ్ల తర్వాత ఇస్తానన్న మాట తప్ప సరుకు లేదు. ఆ మాట అంతకాలం నిలుస్తుందని నమ్మించాలంటే నిలబడి ఉండేది ఏదో ఒకటి కళ్లకి కనపడాలి. ఎంత దూరం నుంచి కనపడితే అంత మంచిది.

మా బందరువాళ్లు మాత్రం ఆ మాటని మేడ లేకుండానే నమ్మించారు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ వెనకనే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. కలకత్తా కాదు, బొంబాయి కాదు, రేవు పూడిపోయి, పాత వైభవం కథలు చెప్పుకుంటున్న బందరులో. పట్టాభి వైద్యం చేసిన మనిషి. చావు ఇంట్లోకి వస్తే సంసారం ఎలా కుప్పకూలుతుందో మంచం పక్కన నిలబడి చూసినవాడు. డాక్టరు బీమా కంపెనీ పెట్టడం విడ్డూరమేమీ కాదని నాకనిపిస్తుంది. మందు పనిచెయ్యని చోట ఇంకేం పనిచేస్తుందని ఆలోచిస్తే అక్కడికే చేరుతాం. ఆ కంపెనీ వ్యాపారమంతా సైకిలు మీద నడిచింది. ఏజెంటు గారు గట్ల వెంట, పంటకాలవ వంతెనల మీదుగా ఊరూరా తిరిగి అర్ధలూ పావలాలూ పోగుచేసి పట్టికెళ్లేవాడు.

తర్వాతి కాలంలో మా ఇంటికి వచ్చిన ఏజెంటు గారితో మా నాయనమ్మ వాదన ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

"శుభమా అని ఇంటికొచ్చి చావు కబురు ఎత్తుతావేంటయ్యా?"

"చావు కబురు కాదు పెద్దమ్మా, పిల్లల చదువు కబురు."

"ఆ చదువేదో వాళ్ల నాన్న బతికుండి చెప్పిస్తాడులే."

"చెప్పించాలనే నేనూ దణ్ణం పెట్టుకుంటా. మా కంపెనీకి కూడా అదే లాభం."

మొత్తానికి పాలసీ కట్టారు. నాయనమ్మ ఆ బాండుని ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతలో పెట్టింది. ఏజెంటు చివర అన్న మాటలో ఎంత తత్వం ఉందో అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మనిషి బతకడమే లాభంగా ఉండే వ్యాపారం లోకంలో ఇంకెన్ని ఉన్నాయి?

1956 జనవరి 19న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి జీవిత బీమాని చేతుల్లోకి తీసుకుంది. సెప్టెంబరు 1న 245 సంస్థలు కలిసిపోయి జీవిత బీమా సంస్థ అయ్యాయి. ఆంధ్రా ఇన్సూరెన్స్ జీవిత బీమా వ్యాపారమూ అందులో కలిసింది, మద్రాసులో సగంలో ఉన్న యునైటెడ్ ఇండియా మేడా కలిసింది. మేడ పూర్తయ్యేసరికి అది ఒక చెట్టియారు సొంత మేడ కాదు. బందరు సైకిలు డబ్బులు అందులో ఏ కిటికీ చువ్వకి పోయాయో ఎవరూ చెప్పలేరు గానీ, పోయాయి. పట్టాభి మేడ పూర్తయిన ఏడాదే, 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. చెట్టియారు అంతకుముందే పోయారు. 1954 మార్చిలో సింగపూరు విమానాశ్రయంలో దిగుతూ విమానం కూలి. మనుషుల ప్రాణాలకి ధర కట్టి, ఆ ధర మీద మేడ తలపెట్టినవాడు దాని మొదటి అంతస్తు కూడా చూడలేదు. ఆయన దగ్గర గానీ, పట్టాభి దగ్గర గానీ, ఇంకే బీమా గణకుడి దగ్గర గానీ ఫలానా మనిషి ఎప్పుడు పోతాడన్న లెక్క ఉండదు. వెయ్యిమందిలో ఏడాదికి ఎందరు పోతారన్న లెక్కే ఉంటుంది. ఆ శాస్త్రమంతా ఇంతే. ఎవరు అన్నది దేవుడికి, ఎందరు అన్నది మాకు.

ఆ లెక్కకి ఒక షరతుంది. అందరూ ఒకేసారి పోకూడదు. ఒకడు పోతే తొమ్మిది వందల తొంభై తొమ్మిదిమంది మిగలాలి, వాళ్లు కట్టిన పైకంతో పోయినవాడి ఇల్లు నిలబడాలి. బీమా అంటే మిగిలినవాళ్ల మీద నమ్మకం.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో ఆ షరతు తెగిపోయింది.

చేలో వరి కోతకొచ్చి ఉంది. పొద్దున్నుంచీ గాలి. సాయంత్రానికి సముద్రం లేచి ఊళ్ల మీదికి నడిచొచ్చింది. దాదాపు ఐదు మీటర్ల ఉప్పెన, చూసినవాళ్ల మాటల్లో తాటిచెట్టంత అల. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఎదురుమొండి, ఈ పేర్లు రేడియోలో మొదటిసారి వినపడింది అప్పుడే. పదివేలమంది పోయారని సర్కారు లెక్క. దాటి ఉంటారని అక్కడివాళ్ల లెక్క. అంతకు నూట పదమూడేళ్ల ముందు, 1864 నవంబరు 1 రాత్రి, ఇలాంటి ఉప్పెనే బందరుని ముంచి దాదాపు ముప్పైవేలమందిని పట్టుకుపోయింది. సముద్రం మర్చిపోదు, మనమే మర్చిపోతాం.

ఆ రాత్రి దివిసీమలో పాలసీదారూ నామినీ ఒకే చూరు కింద ఉన్నారు. సాక్షి సంతకం పెట్టిన పక్కింటాయన ఆ పక్క చూరు కింద ఉన్నాడు. బాండు దాచిన ట్రంకు పెట్టె నాలుగు మైళ్ల అవతల తుమ్మల్లో చిక్కుకుంది. ఎవరికి ఇవ్వాలి, ఎవరు అడగాలి? ఎల్ఐసీ చిహ్నంలో రెండు అరచేతులు దీపం కొండెక్కకుండా కాస్తుంటాయి. చాలా మంచి చిహ్నం, నాకు ఇష్టం కూడా. అయితే అది గాలికి అడ్డంపెట్టిన చేతులు. నీళ్లకి ఆ చేతులు చాలవు. దీపాన్ని ఎత్తు మీద పెట్టాలి.

మౌంట్ రోడ్డు మీద నిలబడి నేను ఇంకో లెక్క కూడా వేశాను, అక్కడి పద్నాలుగు అంతస్తుల్నీ దివిసీమ ఉప్పెననీ పక్కపక్కన పెట్టి. అల ఎత్తు పదహారు, పదిహేడు అడుగులు. మేడ అంతస్తుకి సుమారు పన్నెండడుగులు. అంటే రెండో అంతస్తు కప్పు మీద నిలబడ్డవాడికి పాదాలు కూడా తడవవు. మిగిలిన పన్నెండు అంతస్తులూ ప్రాణానికి అక్కర్లేదు. ఆ రాత్రి బతికినవాళ్లంతా దాదాపు ఆ ఎత్తు దొరికినవాళ్లే. డాబా పైకి ఎక్కినవాళ్లు, గుడి మీదికి ఎక్కినవాళ్లు, తాటి మట్టలు పట్టుకుని తెల్లారేదాకా వేలాడినవాళ్లు, కొట్టుకుపోతున్న గడ్డివాము మీద పడుకుని కాలవ గట్టుకి చేరినవాళ్లు. పూరిళ్ల ఊళ్లకి ఆ రెండో అంతస్తు లేదు. దేశంలోకెల్లా ఎత్తయిన మేడ కట్టగలిగి అప్పటికి పద్దెనిమిదేళ్లయింది. కట్టడం చేతకాక కాదు. సొర్లగొందిలో రెండంతస్తులు కావాలని ఎవరికీ తోచలేదు.

తోచింది ఉప్పెన తర్వాత. అప్పుడు కట్టారు, సర్కారువాళ్లూ, మిషనరీలూ, విరాళాలు పోగుచేసిన సంస్థలూ. నాగాయలంక, కోడూరు వైపు వెళితే కనిపిస్తాయి తుఫాను షెల్టర్లు. ఒకదాని దగ్గర కాసేపు కూర్చున్నాను. కింద గోడల్లేవు, వట్టి స్తంభాలు. నీళ్లు వస్తే అడ్డంలేకుండా పోవడానికి ఆ ఏర్పాటు. మామూలు రోజుల్లో ఆ ఖాళీలో వలలు ఆరేస్తారు, గేదెల్ని కడతారు, పెళ్లి భోజనాలు పెడతారు. పక్కగా వెడల్పాటి మెట్లు, ముసలివాళ్లు ఊతగా పట్టుకోవడానికి నున్నగా అరిగిన పిట్టగోడ. పైన ఒక పెద్ద గది, దాని మీద డాబా. గది గోడ మీద తెలుగు గుణింతం, ఎక్కాలు, సగం చెరిగిన భారతదేశ పటం. కొన్నాళ్లు బడి అందులోనే నడిచిందట. ఉప్పుగాలికి పెచ్చులూడి ఒకచోట ఇనుప చువ్వ బయటపడి తుప్పు కారుతోంది.

గేదెకి గడ్డి వేస్తున్న ఒకావిడని అడిగాను, "తుఫాను వచ్చినప్పుడు ఇందులోకే వస్తారా అమ్మా?"

"రాక ఎక్కడికి పోతాం బాబూ. ఆ మెట్లెక్కేదాకానే భయం. ఎక్కాక టీ ఎవరు పెడతారనే గొడవ."

"తాళం వేసుందే?"

"పెద్దమనిషి దగ్గరుంటది. ఆయన పిల్లల చదువుకని గుడివాడలో ఉంటన్నారు."

ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆధునిక వాస్తుశిల్పానికి గురువుల్లో ఒకడైన లె కార్బూజియే 1920ల్లోనే సూత్రం చెప్పాడు. భవనాన్ని నేల మీద కూర్చోబెట్టకండి, స్తంభాల మీద నిలబెట్టండి, కింది జాగా మనుషులకి వదలండి. నగిషీలు మానండి. పైకప్పుని వాడుకోండి. ఆయన శిష్యులు ప్రపంచమంతా ఈ సూత్రాలతో గాజు పలకలు నిలబెట్టారు. మౌంట్ రోడ్డు మేడ ఆ కుటుంబంలోదే. ఆ సూత్రాలన్నీ అక్షరాలా పాటించిన భవనం ఏదని నన్నడిగితే నేను ఈ షెల్టరుని చూపిస్తాను. దీన్ని కట్టిన పంచాయతీ కాంట్రాక్టరు ఆ ఫ్రెంచి పేరు విని ఉండడు. ఇక్కడ స్తంభాలు అందానికి రాలేదు, అల వస్తుందని వచ్చాయి. డాబా షోకుకి రాలేదు, హెలికాప్టరు నుంచి అన్నం పొట్లాలు జారవిడిస్తే పట్టుకోవడానికి వచ్చింది. నగిషీ లేకపోవడం సిద్ధాంతం కాదు, డబ్బు లేకపోవడం. అయినా పూర్తిగా ఆధునికం. ఎవరి ఫోటో ఆల్బంలోనూ ఉండదు, అంతే తేడా.

ఇక్కడికి దగ్గర్లోనే ఘంటసాల అనే ఊళ్లో బౌద్ధ స్తూపపు దిబ్బ ఉంది. దాదాపు రెండువేల ఏళ్ల కిందటిది. ఈ పల్లంలో మనుషులు పనిగట్టుకుని లేపిన తొలి ఎత్తుల్లో అదొకటి. స్తూపాన్ని ఎక్కకూడదు, చుట్టూ తిరగాలి. అందులో దూరడానికి గది ఉండదు, తలుపు ఉండదు. మౌంట్ రోడ్డు మేడతో మా ఊళ్లవాళ్లకి ఉన్న బంధం కూడా అచ్చం అలాంటిదే. చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, కండువా సర్దుకుని వచ్చేశారు. కట్టినవాళ్లది ఒక ఊరు, కట్టుబడికి డబ్బు వంద ఊళ్లది. దాన్ని నేను తప్పుపట్టను. అందరి డబ్బూ ఒకచోట పోగైతేనే దానికి బలం. ఆ పోగులోంచే ఇవాళ్టికీ కాలవ అవతలి ఊళ్లో ఒక విధవరాలికి చెక్కు వస్తోంది. బందరులో ఎల్ఐసీ డివిజనల్ ఆఫీసు ఉంది. పట్టాభి నాటి సైకిలు దారి అక్కడికే చేరుతుంది. 1975 జూలైలో ఆ మద్రాసు మేడ నిప్పంటుకుని కాలింది. బాగుచేసుకుని మళ్లీ నిలబడింది. ఇచ్చిన మాట కాగితాలతో పాటు కాలిపోలేదు.

నాకు అర్థమైనంతలో మనుషుల్ని కాచుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. పోయాక వెనకవాళ్లని చూసుకోవడం ఒకటి, పోకుండా ముందే పైకి ఎక్కించడం రెండోది. మొదటిదానికి మనం దేశంలోకెల్లా ఎత్తయిన మేడ కట్టుకున్నాం. రెండోదానికి పదివేల ప్రాణాలు పోయేదాకా రెండంతస్తులు కట్టలేదు. కట్టాక ఏమైందో కూడా చెప్పాలి. 1990 మే 9న అంతటి తుఫానే మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ముందే హెచ్చరించారు, లారీలెక్కించి లక్షలమందిని తరలించారు, షెల్టర్లు తెరిచారు. ఆ తుఫానులో పోయినవాళ్లు వెయ్యి లోపు. వెయ్యి కూడా తక్కువేమీ కాదు. కానీ 1977 పక్కన పెట్టి చూడండి. ఏ ఆకాశహర్మ్యమూ అన్ని ప్రాణాలు కాపాడలేదు.

ఇప్పుడు కృష్ణ ఒడ్డునే, ఎగువన అమరావతిలో నలభై అంతస్తులూ అంతకు పైనా ఉండే సచివాలయ టవర్లకి రూపకల్పన జరిగింది. పునాదులు వేసి వదిలేస్తే కొన్నేళ్లు నీళ్లలో నానాయి, ఇప్పుడు పని మళ్లీ కదిలింది. లేవనివ్వండి, నేను కూడా వెళ్లి తలెత్తి చూస్తాను, మా తాతల అలవాటు ఎక్కడికి పోతుంది! రాష్ట్రానికి ఒక ముఖం కావాలన్న కోరికని వెక్కిరించే పని నాది కాదు. కాకపోతే అన్ని అంతస్తులు పైకి ఎక్కినవాళ్లకి కింద హంసలదీవి కనిపించదు. కిటికీలోంచి కనిపించనిది ఫైలులోనైనా కనిపించాలి. షెల్టరు పెచ్చులూడితే సిమెంటు పూయడానికీ, మెట్ల మీద పాకుడు గీకడానికీ అయ్యే ఖర్చు ఆ టవరులో ఒక లిఫ్టు తలుపుకి అయ్యేపాటి ఉండదు.

ఈ సీమలో ఉండే పాఠకులకి ఒక మనవి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో తుఫాను షెల్టరు ఉండే ఉంటుంది. అక్టోబరు రాకముందే ఒకసారి వెళ్లి మెట్లెక్కి చూడండి. డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయా, చువ్వలు బయటపడ్డాయా, పైన మంచినీళ్ల ట్యాంకు ఉందా చూడండి. తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో, ఆ మనిషి రాత్రిళ్లు ఊళ్లోనే ఉంటాడో లేదో కనుక్కోండి. ఉండకపోతే రెండో తాళంచెవి చేయించి, షెల్టరుకి ఎదురుగా ఉన్న ఇంట్లో ఇప్పించండి.